తోడికోడలి నడుము

మా వంటింటి గోడకు తగిలించిన క్యాలెండర్‌లో ప్రతి తేదీ గడిలోనూ రెండు అంకెలు ఉంటాయి. పైది నాది, కిందది మా తోడికోడలిది. పై అంకె ఆ రోజు నేను ఎక్కడా కూర్చోకుండా నడవగలిగిన అడుగులు. కింది అంకె ఆమె పొద్దున్నే కాలవ కట్ట మీద నడిచినవి. ఆమె అంకె మా గోడ మీద ఉన్న సంగతి ఆమెకు తెలియదు. మా ఇంటాయనకు తెలుసో లేదో నేను అడగలేదు. ఆయన క్యాలెండర్ చూసేది గ్యాస్ బండ ఎప్పుడు మార్చామో తెలుసుకోవడానికే.

నా అంకె నూట పది దగ్గర ఉంటుంది. ఒకోరోజు నూట ఇరవై, బాగా ముసురు పట్టిన రోజు ఎనభై. ఆమె అంకె నాలుగువేల ఆరువందల ఎనభై. అంటే నాకు నలభై రెండు రెట్లు, పైన ఇంకొంచెం. ఈ భాగహారం నేను ఒక్కసారి చేసి ఊరుకోలేదు. నా అంకె మారినప్పుడల్లా చేశాను.

దీన్ని అసూయ అనే అంటారు. నాకు డెబ్బై ఒకటి నిండాయి, ఆ మాట రాయడానికి సిగ్గుపడే వయసు దాటింది. ఈ అసూయతోనే నేను నా వెన్నెముక కోయించుకోవడానికి రోజు కూడా ఖాయం చేసుకున్నాను. ఆ రోజు ఎలా ఖాయమైందో, తరవాత ఏమైందో రాసిపెట్టుకోవాలనిపించింది.

మాది అల్లూరుకు దగ్గరలో ఉన్న పల్లె. రెండు ఇళ్ళు, మధ్యలో ఒక గోడ. ఇవతల మేము, అవతల మా మరిది, ఆయన భార్య. నాకంటే అయిదేళ్ళు చిన్నది. ఆ గోడ ఎత్తు నాలుగడుగుల పది అంగుళాలు. కట్టించినప్పుడు కొలిచింది నేనే.

పొలం పనిలో నా నడుముకు పేరుండేది. నాట్లప్పుడు ఆడవాళ్ళం వరసగా వంగి, నాటుకుంటూ వెనక్కి నడిచేవాళ్ళం. అందరికంటే ముందు గట్టు ఎక్కేది నేనే. మా తోడికోడలు నిదానం. మా అత్త గట్టు మీద నిలబడి, పెద్దామె గట్టెక్కి ఆకు నమిలి ఊసినా చిన్నామె ఇంకా నడిమడిలోనే ఉండాది అనేది. నలుగురూ నవ్వేవాళ్ళు. ఆ నవ్వు నాకు ఇష్టంగా ఉండేది. ఆమె ఏమనుకునేదో అప్పుడు ఆలోచించలేదు.

అరవై దగ్గర పడేసరికి ఆమె నడుము వంగడం మొదలైంది. అరవై మూడు వచ్చేసరికి పూర్తిగా ముందుకు వాలిపోయింది. ఎదుటి మనిషి ముఖం చూడాలంటే మెడ పక్కకు తిప్పి పైకి చూడాలి, అది నొప్పి. అందుకని మనుషుల్ని పాదాలను బట్టి గుర్తుపట్టేది. వాకిట్లో నేను నోరు విప్పకముందే, రా అక్కా, అనేది. నాకు జాలిగానే ఉండేది. కాని ఆమె పక్కన నిలబడినప్పుడు నాకు నేనే ఉన్నదానికంటే పొడుగ్గా అనిపించేదాన్ని, అదీ నిజమే.

రెండేళ్ళ కిందట ఆమెను చెన్నై తీసుకుపోయి ఆపరేషన్ చేయించారు. వెన్నులో ఎనిమిది స్క్రూలు, రెండు కడ్డీలు. పన్నెండు రోజులకు ఇంటికి తెచ్చారు. మూడు నెలలు నడుముకు బెల్టు. నాలుగో నెలలో ఒక మంగళవారం ఉదయం నేను పెరట్లో గిన్నెలు తోముకుంటున్నాను. పిలుపు విని లేచి నిలబడితే గోడ మీదుగా ఆమె ముఖం కనిపించింది. గడ్డం దాకా. ఆ గోడ మీదుగా ఆమె ముఖం నేను చూసి నాలుగేళ్ళు దాటింది.

"అక్కా, నువ్వేంది ఇంత పొట్టిగా అయిపోయినావు?" అంది.

మనసులో ఏమీ పెట్టుకోకుండానే అని ఉంటుంది. నేను అప్పటికే ఏడాదిగా ముందుకు వంగి నడుస్తున్నాను. ఎవరూ అనలేదు, నేనూ ఒప్పుకోలేదు. మొదట అన్నది ఆమె. అదీ గోడకు అటువైపు నిటారుగా నిలబడి.

నా జబ్బు సంగతి. వెన్నుపూసల మధ్య నరాలు పోయే దారి ఇరుకైంది, ఒక పూస ముందుకు జారింది. నిలబడితే ఏడు నిమిషాలకు తుంటి నుంచి పిక్క దాకా నిప్పు పోసినట్టుంటుంది. నడిస్తే ఇంకా ముందే. కూర్చుంటే పోతుంది, ముందుకు వంగినా పోతుంది. అందుకని మనవరాలు వదిలేసిన సైకిల్ తీసి, దాని హ్యాండిల్ మీద వాలి నెట్టుకుంటూ అంగడికి వెళతాను. అలా అయితే రెండువందల అడుగులు పోగలను. సైకిల్‌తో నడిచినవి నేను లెక్కలో వేయను. అంగట్లో వాళ్ళు, ఎక్కి తొక్కితే పోయేది గదా పెద్దమ్మా, అంటారు. నాకు తొక్కడం రాదు.

వంట స్టూలు మీద కూర్చొని చేస్తాను. ఆమె నిలబడి చేస్తుంది. వాళ్ళ వంటింటి కిటికీ మా పెరటి వైపు ఉంది.

ఇక ఆమె నడక. పొద్దున ఆరూ అయిదుకు గేటు తీస్తుంది. కాలవ కట్ట ఎక్కుతుంది. మా వసారాలో కూర్చుంటే కట్ట మీద సరుగుడు తోపు వంపు దాకా కనిపిస్తుంది, ఆ తరవాత కనిపించదు. ఆరూ పదకొండుకు ఆమె ఆ వంపు తిరుగుతుంది. ఆరు నిమిషాలు, అయిదువందల నలభై అడుగులు. మళ్ళీ గేటు చప్పుడు ఆరూ యాభై ఏడుకు. మొత్తం యాభై రెండు నిమిషాలు. నిమిషానికి తొంభై లెక్కన నాలుగువేల ఆరువందల ఎనభై.

ఇలా లెక్క కట్టడం నాకు పొలమే నేర్పింది. కాలవ నీళ్ళు వంతుల ప్రకారం వస్తాయి. మా వంతు రాసిపెట్టే పని పెళ్ళయిన ఏడాది నుంచి నాది, నలభై ఎనిమిదేళ్ళు. తూము తలుపు ఎత్తిన టైము ఒకటి, ఆఖరి మడి నిండిన టైము ఒకటి రాసుకుంటాను. ఈ రెండూ ఉంటే చాలు, నీళ్ళు ఎంత ఉరవడిగా వచ్చాయో, పైన ఎవరైనా గండి పెట్టారో కాలవ వెంట పోకుండానే చెప్పేదాన్ని. నా పుస్తకం చూపించి పై రైతులతో ఎన్నోసార్లు తగువు గెలిచాం. అదే పద్ధతిలో ఆమెకూ రెండు టైములు రాశాను. సరుగుడు తోపు దాటి, రొయ్యల గుంటల పక్కగా, మూడో తూము దాకా పోయి వస్తుందని తేల్చాను. నీళ్ళ వంతు పుస్తకంలో ఏ రోజూ నా లెక్క తప్పలేదు.

సెప్టెంబరులో మా అమ్మాయి నన్ను నెల్లూరు డాక్టరు దగ్గరికి తీసుకుపోయింది. అమ్మాయి ఉండేది నెల్లూరులోనే, అల్లుడు కృష్ణపట్నంలో పని చేస్తాడు. డాక్టరు ఫిల్మ్ వెలుతురు మీద పెట్టి చూపించాడు. నాకైతే పది స్క్రూలు కావాలన్నాడు. ఆమెకు ఎనిమిదే. ఇది విన్నప్పుడు నాకు కొంత గొప్పగా కూడా అనిపించింది, దాచడమెందుకు.

ఆయన చెప్పినవన్నీ నేను చిన్న పుస్తకంలో రాసుకున్నాను. అయిదు గంటల ఆపరేషన్. షుగర్ ఉంది కాబట్టి కుట్లు మానడం ఆలస్యం. ఎముక అతకకపోవచ్చు. మళ్ళీ తెరవాల్సి రావచ్చు. కాళ్ళ మంట తగ్గే అవకాశం బాగానే ఉంది, నడుము నొప్పికి మాట ఇవ్వలేను. నూటికి ఎంతమందికి బాగవుతుంది అని అడిగాను. ఆయన నవ్వి, మీరు నూరుమంది కాదు గదమ్మా, ఒక్కరే, ఆ అంకె పట్టుకొని ఏం చేస్తారు అన్నాడు. నాకు నచ్చలేదు. అంకె చెప్పలేని మనిషి చేతిలో నా నడుము పెట్టాలా అనుకున్నాను.

ఇంకొక మాట కూడా అన్నాడు. ఆపరేషన్ అయ్యాక ఆ భాగం ఇక వంగదు, కింద కూర్చోవడం, కింద పడ్డది తీసుకోవడం కష్టం అని. అది నేను రాసుకోలేదు. మిగతావన్నీ రాసుకున్నాను. తరవాత పుస్తకం తీసి చూస్తేగాని ఆ సంగతి నాకు తెలియలేదు.

లేచే ముందు ఆయన ఒక పని పెట్టాడు. ఆపరేషన్ అయ్యాక మీరు ఏమేం చేయాలనుకుంటున్నారో ఇంటికి పోయి రాసుకొని రండి, అది చూసి మాట్లాడదాం అన్నాడు. పరీక్ష పెడితే నేను బాగా రాస్తాను. ఆ వారం కూర్చొని ఏడు రాశాను. కాలవ కట్ట మీద మూడో తూము దాకా నడవాలి. శనివారం గుడికి కాలినడకన పోవాలి. నిలబడి వంట చేయాలి. పెళ్ళిళ్ళలో నిలబడి ఫోటో దిగాలి. మల్లె పాదులకు నిలబడి నీళ్ళు పోయాలి. నెల్లూరు బస్సులో సీటు దొరకకపోయినా పోగలగాలి. ఏడోది, గోడ మీదుగా అవతలికి చూడగలగాలి.

ఆదివారం అమ్మాయి వచ్చి ఆ కాగితం చదివింది. చదువుతూ చదువుతూ నవ్వడం మొదలుపెట్టింది.

"అమ్మా, ఇందులో ఆరు పిన్ని చేసేవి," అంది. "ఏడోది పిన్నిని చూసేది."

నేను కాగితం లాక్కొని మడిచి పెట్టుకున్నాను. అన్నం పెట్టేదాకా దానితో మాట్లాడలేదు. అది మాత్రం వెళ్ళేటప్పుడు మళ్ళీ కదిపింది. పిన్ని చేయించుకుంది గదా, ఒక మాట పిన్నినే అడగరాదా అంది. నేను అడగలేదు. అమ్మాయే గోడ దగ్గర నిలబడి సంగతంతా చెప్పి పోయినట్టుంది. మర్నాడు మధ్యాహ్నం మా తోడికోడలు తనంతట తానే వచ్చింది. నడుం ఎక్కడా వాల్చకుండా కుర్చీలో కూర్చుంది. కాసేపు మా ఇంటి గోడలకు చెమ్మ ఎక్కుతున్న సంగతి మాట్లాడింది. తరవాత అంది,

"అక్కా, నీ మేలు కోరి చెప్తాండా. చేయించుకోబాక."

"నువ్వు చేయించుకున్నావు గదా."

"నా సంగతి వేరేలే."

ఏం వేరు అని అడిగితే చెప్పలేదు. తల అటు తిప్పుకుంది. తల తిప్పాలంటే భుజాలతో సహా తిరుగుతుంది, అది కూడా నాకు దర్జాగానే కనిపించింది. నా సంగతి వేరేనట. నాట్లలో నా వెనక మిగిలిపోయిన మనిషి, ఈ వయసులో గట్టెక్కి నిలబడి, నన్ను మడిలోనే ఉండమంటోంది. నేను నిటారుగా నిలబడితే ఆ గోడకు అటూ ఇటూ సమానమైపోతాం, అది ఆమెకు ఇష్టం లేదు. నేను అలాగే అర్థం చేసుకున్నాను. ఆమె స్థానంలో నేనుంటే నా మనసులో ఉండేది అదే కాబట్టి, ఆమె మనసులోనూ అదే ఉందనుకున్నాను.

ఆమె గేటు దాటకముందే అమ్మాయికి ఫోన్ చేశాను. రోజు తీసుకోమన్నాను. నవంబరు రెండో గురువారం ఇచ్చారు. నలభై అయిదు రోజులుంది.

ఆ నలభై అయిదులో పందొమ్మిది గడిచాయి. అక్టోబరు నడుమ, ముందు వానలు పడి ఆగిన సమయం. నారుమడి పోసి వారమైంది. మా పొలం సరుగుడు తోపుకు అవతల ఉంది. మొలక ఎలా వచ్చిందో నేనే చూడాలన్నాను. మా ఇంటాయన చెప్పే బాగానే వచ్చింది అనే మాట నాకు చాలదు, జానెడు మడిలో ఎన్ని మొలకలో లెక్కపెట్టాలి. అసలు కారణం, ఆపరేషన్ అయ్యాక ఎన్ని నెలలు పొలం ముఖం చూస్తానో అని. ఆయన మోపెడ్ మీద నన్ను కూర్చోబెట్టుకొని పొద్దున ఆరూ ఇరవైకి బయల్దేరాడు. మా తోడికోడలు అప్పటికే వంపు దాటి పోయింది, అది చూసే బండెక్కాను. దారిలో ఎదురుపడుతుంది, బండి వెనక మూటలా కూర్చున్న నన్ను చూస్తుంది అనే దిగులు ఒకటి.

వంపు తిరిగాక రొయ్యల గుంటల వాళ్ళ పంపుషెడ్డు ఉంది. వంపు నుంచి నూట అరవై అడుగులు ఉంటుంది. షెడ్డు ముందు రేకుల నీడలో పొడుగాటి చెక్కబల్ల. ఆ బల్ల మీద మా తోడికోడలు వెల్లకిలా పడుకొని ఉంది. మోకాళ్ళు మడిచి, కళ్ళు మూసుకొని, చెయ్యి నుదుటి మీద పెట్టుకొని. చెప్పులు కింద జతగా పెట్టి ఉన్నాయి. గుంటల్లో నీళ్ళు చిలికే యంత్రాల చప్పుడుకు మా బండి చప్పుడు ఆమెకు వినపడలేదు.

ఆయన బండి నెమ్మది చేశాడు. ఆపబాకండి, పోనీండి అన్నాను. కొంత దూరం పోయాక, ఆమెకు ఒంట్లో బాగలేనట్టుంది అన్నాను.

"బాగలేక కాదు. రోజూ అక్కడేగా పడుకునేది," అన్నాడు. "ఊరందరికీ తెలుసు."

"నాకు చెప్పలేదే."

"నువ్వడగలా, నేను చెప్పలా. నీకు తెలియని లెక్కుంటదా అనుకున్నా."

ఆ రోజు మొలకలు లెక్కపెట్టలేదు. గట్టు మీద కూర్చొని ఇంకొక లెక్క వేశాను. వంపు దాకా అయిదువందల నలభై, అక్కడి నుంచి బల్ల దాకా నూట అరవై, మొత్తం ఏడువందలు. రానూ పోనూ పద్నాలుగు వందలు. దానికి పదహారు నిమిషాలు. మిగిలిన ముప్ఫై ఆరు నిమిషాలు ఆమె బల్ల మీద ఉంది. మూడో తూము మొహం ఆమె చూడనే లేదు. తూము ఎత్తాక నీళ్ళు ఏ షెడ్డు దగ్గరా పడుకొని లేవవు. మనిషి పడుకుంటుంది. ఇది నాకు తోచలేదు.

నిజం చెప్పాలంటే మొదట సంతోషం కలిగింది. మధ్యాహ్నం అన్నం రెండోసారి పెట్టించుకున్నాను. సాయంత్రానికి సంతోషం పోయి కోపం వచ్చింది, నా మీదే. ఏడాదిన్నర పాటు ప్రతి గడిలోనూ తప్పు అంకె రాశాను. నా చేతిరాతతో, నా పెన్నుతో. ఆ తప్పు అంకెను చూసి మండి, పది స్క్రూలు దిగగొట్టించుకోవడానికి గురువారం నాడు టేబుల్ ఎక్కబోతున్నాను. దిద్దుకున్నాక కూడా ఆమె నాకంటే పన్నెండు రెట్లు పైనే నడుస్తోంది, ఆ ముక్క కూడా నా మనసుకు తట్టకపోలేదు.

మర్నాడు తొమ్మిదింటికి ఆమె ఇంటికి పోయాను. మా గుమ్మం నుంచి వాళ్ళ గుమ్మానికి, గేట్లు చుట్టి పోతే, అరవై నాలుగు అడుగులు. సైకిల్ లేకుండానే పోయాను.

వసారాలో ఆమె ప్లాస్టిక్ కుర్చీలో కూర్చొని ఉంది. కాళ్ళు ఎదురుగా స్టూలు మీద చాపింది. మా మరిది కింద చాప మీద కూర్చొని, కళ్ళజోడు ముక్కు మీదికి జార్చుకొని, ఆమె కాలి గోళ్ళు కత్తిరిస్తున్నాడు. ఒకప్పుడు కూలీల మీద గట్టు దద్దరిల్లేలా అరిచిన మనిషి. నన్ను చూసి సిగ్గు కూడా పడలేదు. రా వదినా, ఇంకొక్క వేలుండాది అన్నాడు. ఆ ఒక్క వేలు కూడా తీరిగ్గా కత్తిరించి, ముక్కలు కాగితంలో ఏరుకొని లోపలికి పోయాడు.

నేను ఏమి అడగడానికి వచ్చానో కాసేపు మరిచిపోయాను. నలభై ఎనిమిదేళ్ళలో మా ఇంటాయన నా పాదం ముట్టుకున్నది పెళ్ళినాడు మెట్టెలు తొడిగినప్పుడు. అదీ పురోహితుడు చెప్తే. నా క్యాలెండర్‌లో ఈ సంగతికి గడి లేదు.

"పంపుషెడ్డు బల్ల మీద పడుకుంటావంట," అన్నాను చివరికి.

"పడుకోకుంటే ఎట్టక్కా. అరగంట వాలిస్తే గాని తిరిగి రాలేను. ఈ ఇనుమంతా పట్టేస్తది."

"మరి పోయేటప్పుడు ఎక్కడా ఆగవే."

ఆమె నవ్వింది. "నువ్వు వసారాలో కూర్చొని చూస్తాంటావు గదా. నీ కంట పడినంతసేపూ కట్టె మాదిరి పోతా. వంపు తిరిగినాక ఎట్ట నడుస్తానో ఆ షెడ్డు వాళ్ళనడుగు."

నేను చూస్తున్న సంగతి ఆమెకు మొదటి నుంచీ తెలుసు. ఆ అయిదువందల నలభై అడుగులూ నాకోసం నడిచినవే. నాట్లలో ఆమెను దాటి గట్టెక్కడానికి నేను ఎంత చేసేదాన్నో నాకు గుర్తుంది కాబట్టి, దీన్ని తప్పుపట్టలేకపోయాను.

నీ సంగతి వేరే అన్నావు, ఏం వేరు, అని మళ్ళీ అడిగాను. ఈసారి ఆమె లోపలికి చూసి, మరిది దూరంగా ఉన్నాడని రూఢి చేసుకొని, గొంతు తగ్గించింది.

"బట్టల మెషీన్ కొన్నానని నువ్వు నెల్లాళ్ళు నాతో సరిగ్గా మాట్లాడలా, గుర్తుండాదా?"

గుర్తుంది. ఆపరేషన్‌కు ముందు ఎండాకాలంలో కొన్నారు. ఇద్దరు ముసలివాళ్ళకు రోజూ మెషీన్ తిప్పేంత బట్టలేముంటాయి, చప్పుడు మాకు వినపడాలనే తిప్పుతోంది అని నేను అమ్మాయితో అన్నాను.

"పక్క తడిచేదక్కా. రోజూ. ఎప్పుడు పోతాందో నాకే తెలిసేది కాదు. కాలికి చెప్పుండాదో జారిపోయిందో తెలిసేది కాదు. మూడు నెలలు ఎవురికీ చెప్పలా. డాక్టరు చూసి, ఇంకా ఆలస్యం చేస్తే ఇది తిరిగిరాదమ్మా అన్నాడు. నాకింక దారేముంది. నీకట్ట కాదు, నీకు ఆలోచించుకునే దానికి ఉండాది. ఉన్నప్పుడు ఆలోచించుకో."

కాళ్ళ మంట పోయిందా అన్నాను. పోయిందక్కా, అది మాత్రం నిజంగా పోయింది అంది. మిగతావి కూడా చెప్పింది. స్నానానికి పాదాల దాకా చెయ్యి పోదు. మంచం కింద ఏదైనా పడితే ఇంకొకరు వచ్చేదాకా అక్కడే. కింద కూర్చొని మనవడికి అన్నం పెట్టి రెండేళ్ళు. చెబుతూ చెబుతూ ఒళ్ళోని గోళ్ళ కత్తెర జారవిడిచింది. నేను ఆలోచించకుండా వంగి తీసి ఇచ్చాను. వంగడం నాకు హాయి, మంట తగ్గేది అప్పుడే. ఆమె నా నడుము వైపు చూసినట్టనిపించింది. కత్తెర కోసమే చూసిందేమో.

వచ్చేటప్పుడు ఆ మెషీన్ వరండా చివర గుడ్డ కప్పుకొని కనిపించింది. క్షమించమని అడగాలనిపించింది గాని అడగలేదు. మా ఇద్దరి మధ్య ఆ మాట ఎప్పుడూ లేదు.

గురువారానికి పది రోజుల ముందు మళ్ళీ డాక్టరు దగ్గరికి పోయాం. ఏడు రాసిన కాగితం ఇంట్లోనే వదిలేశాను. కొత్త కాగితం మీద ఒక్కటే రాసుకొని పోయాను: నిలబడి ఒక పూట వంట చేయాలి, అరగంట. ఇది కూడా ఆమె చేసేదే. కాని ఆమె పుట్టకముందు నుంచీ మా అమ్మ చేసింది, నేనూ చేశాను, కాబట్టి ఉంచుకున్నాను.

ఆయన ఆ కాగితం చదివి, నా కాళ్ళు పరీక్షించాడు. రెండు బొటనవేళ్ళ మీదా తన వేలు పెట్టి అదిమి, పైకి లేపమన్నాడు. రెండూ లేచాయి. బలం ఉంది అన్నాడు. అరగంట వంట కోసమైతే ముందు సూదిమందు, మూడు నెలలు వ్యాయామం చేసి చూడొచ్చు, సగం తగ్గినా మీకు చాలేమో. తగ్గకపోతే ఆపరేషన్ ఎలాగూ ఉంది. వాయిదా వేస్తే తరవాత కష్టమవుతుందా అని అడిగాను. వయసు ఆగదమ్మా, షుగర్ ఆగదు, కష్టం కాదని చెప్పలేను అన్నాడు. ఈసారీ అంకె ఇవ్వలేదు. కాని ఈసారి ఆయన అబద్ధమాడటం లేదని తెలిసింది.

మంచం మీద నుంచి దిగి, చీర సర్దుకొని, గురువారం వద్దు అని చెప్పాను. కట్ట మీద నిటారుగా పోయే మనిషిని నా జీవితంలో మిగిలిన పొద్దులన్నీ వసారాలో కూర్చొని చూడాలి. చేజేతులా అదే ఎంచుకున్నాను.

కారులో అమ్మాయి అడిగింది, "పిన్ని వద్దందని మానుకున్నావా అమ్మా?"

"కాదు," అన్నాను. "ఆమె వద్దన్నా కూడా మానుకున్నా."

డాక్టరు ఒక షరతు పెట్టాడు. రోజూ పొద్దున ఎవరైనా ఒకరు నా బొటనవేళ్ళను అదిమి చూడాలి. ఎత్తే బలం తగ్గినట్టు తెలిస్తే, లేదా ఒంటికి పోయేదానిలో తేడా వస్తే, ఆ రోజే రావాలి, అప్పుడిక ఆలోచన ఉండదు. ఎవరి వేలిని వాళ్ళు అదుముకుంటే తెలియదట, ఇంకొకరు కావాలి.

మా ఇంటాయన మూడు రోజులు చేశాడు. స్విచ్ నొక్కినట్టు నొక్కి, బాగుండాది అనేవాడు. నాలుగో రోజు, నిన్న ఏది తక్కువగా ఉంది, ఎడమదా కుడిదా అని అడిగాను. నిన్న చూశానా అన్నాడు. వెన్నెముక విషయం ఆయనకు వదిలిపెట్టే పని కాదని తేలిపోయింది. అమ్మాయి నెల్లూరులో ఉంది. ఆలోచిస్తే, ఈ పరీక్ష తన కాలి మీద నెలల తరబడి చేయించుకున్న మనిషి, బలం తగ్గడం అంటే ఏమిటో తెలిసిన మనిషి, ఊళ్ళో ఒక్కరే.

ఇప్పుడు రోజూ ఏడున్నరకు, ఆమె కాఫీ తాగాక, నేనే పోతున్నాను. ఆమె వంగలేదు కాబట్టి నేను ఎదురు కుర్చీలో కూర్చొని కాలు స్టూలు మీద పెడతాను. ఆమె బొటనవేలితో నా బొటనవేలిని అదుముతుంది. ముందు కుడి, తరవాత ఎడమ. కళ్ళు మూసుకొని చూస్తుంది, బియ్యంలో రాయి తగిలిందేమో చూసినట్టు. ఏదో ఒకరోజు, తగ్గిందక్కా, అని ఈమె నోటితోనే నేను వినాలి. విన్న వెంటనే కారెక్కాలి. ఆమె కావాలని గట్టిగా అదిమితే? నిదానంగా అదిమి, ఉన్న తేడాను దాచిపెడితే? మొదటి వారమంతా ఆమె ముఖం వైపే చూశాను, వేలి వైపు కాదు.

ఈ ఉదయం ఎడమది చూసి, నిన్నట్నే ఉండాది అంది.

"సరిగ్గా నొక్కలా నువ్వు."

"ఇంకెంత గట్టిగా నొక్కేదక్కా. నా నడుం పట్టుకుంటది."

"పట్టుకోనీ. మళ్ళీ నొక్కు."

ఆమె నవ్వి, కుర్చీ అంచుకు జరిగి, భుజం బలమంతా వేసి అదిమింది. ఆమె వేలి కింద నా వేలు కాసేపు కదల్లేదు. తరవాత లేచింది.